బంగాళాదుంపతో పిల్లలకు వంట ఎలా మొదలుపెట్టాలి? మా ఇద్దరితో చేసి చూసినవి

ఆరేళ్ళ పాపకీ తొమ్మిదేళ్ళ బాబుకీ బంగాళాదుంపతో వంట నేర్పించాలనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి, కత్తి దగ్గరికీ పొయ్యి దగ్గరికీ ఎంతవరకు రానివ్వాలి అని అడిగారు. మా పిల్లలు కూడా దాదాపు ఆ వయసులోనే నాతో వంటింట్లో నిలబడ్డారు. చేసి చూసినవే రాస్తున్నాను.

మొదటిరోజు ఏ వంటకమూ పెట్టుకోకండి. తలా ఒక దుంప చేతికిచ్చి కడగమనండి. కడిగేటప్పుడే ప్రశ్నలు మొదలవుతాయి. మా బాబు మట్టి రుద్దుతూ "ఈ గుంటలెందుకమ్మా?" అన్నాడు. వాటిని కళ్ళు అంటారని చెప్పి, స్కెచ్ పెన్ ఇచ్చి ప్రతి కన్ను మీదా ఒక చుక్క పెట్టమన్నాను. తర్వాత పక్కపక్క చుక్కల్ని కలుపుకుంటూ వెళ్ళమన్నాను. గీత దుంప చుట్టూ మెలి తిరుగుతూ వచ్చింది. కొమ్మ మీద ఆకులు కూడా అలాగే తిరుగుతూ పుడతాయి కదా! బంగాళాదుంప వేరు కాదు, మట్టిలో ఉబ్బిన కాండం. ప్రతి కన్నూ ఒక కణుపు. క్యారెట్, చిలకడదుంప మాత్రం నిజంగా వేర్లే. ఒక కొసన కళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి. రెండో కొసన చిన్న మచ్చ ఉంటుంది, తల్లి మొక్కకి అంటుకున్న చోటు అది. మా పాప దానికి "బొడ్డు" అని పేరు పెట్టింది. ఇప్పటికీ దుంప చేతిలోకి తీసుకుంటే ముందు బొడ్డే వెతుకుతుంది.

వంట మొదలుపెట్టకముందే గట్టిగా చెప్పాల్సిన విషయం ఒకటుంది, పచ్చబడిన దుంప. రెండు దుంపలు తీసుకుని ఒకటి కిటికీ దగ్గర వెలుతురులో, ఇంకోటి కాగితం సంచిలో చుట్టి అల్మరాలో పెట్టించండి. రెండు వారాల్లోపే తేడా కనిపిస్తుంది. వెలుతురు తగిలింది పచ్చగా మారుతుంది. ఆ పచ్చదనం ఆకుల్లో ఉండే పత్రహరితమే, దానివల్ల హాని లేదు. కానీ అదే వెలుతురుకి సొలనిన్ అనే చేదు విషపదార్థం కూడా పెరుగుతుంది. ఉడికించినా అది పోదు. కొద్దిగా పచ్చబడితే ఆ భాగాన్నీ మొలకల్నీ లోతుగా కోసి తీసేయాలి, బాగా పచ్చబడితే, చేదుగా ఉంటే పారేయాలి. ఇది చూశాక మా పిల్లలే దుంపల బుట్ట మీద గుడ్డ కప్పడం మొదలుపెట్టారు.

ఇక కత్తి సంగతి. ఆరేళ్ళ పాపకి పదునైన కత్తి ఇవ్వకండి. ఉడికి చల్లారిన దుంప తొక్క వేళ్ళతో వలవడం, దాన్ని వెన్న రాసే చాకుతో ముక్కలు చేయడం, మెదపడం, ఇవి చాలు. తొమ్మిదేళ్ళ బాబు మీరు పక్కనుంటే పీలర్‌తో చెక్కు తీయగలడు, చిన్న కత్తితో కోయగలడు. గుండ్రటి దుంప బల్ల మీద దొర్లుతుంది, అసలు ప్రమాదం అక్కడే. అందుకని మొదటి కోత మీరు కోసి సగం చేసి ఇవ్వండి. కోసిన వైపు కిందికి పెడితే దుంప కదలదు. కటింగ్ బోర్డు కింద తడిగుడ్డ వేయండి. దుంపని పట్టుకునే చేతి వేళ్ళు లోపలికి మడిచి ఉంచాలని రోజూ చెప్పండి, విసుగనుకోకండి.

వేడినీళ్ళు వంచే పని మాత్రం ఇద్దరిలో ఎవరికీ ఇవ్వొద్దు. మా బాబు ఒకసారి మూత తన వైపుకే ఎత్తాడు, ఆవిరి కొట్టి మణికట్టు ఎర్రబడిపోయింది. వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చెయ్యి పెట్టించాను. చేతికి బొబ్బ రాలేదు గానీ నాకు రెండు రోజులు టెన్షన్ తగ్గలేదు. మూత ఎప్పుడూ అవతలి వైపుకి ఎత్తాలని ముందే చేసి చూపించి ఉండాల్సింది.

ఉడికించడం నేర్పేటప్పుడు ఒకే సైజు దుంపలు రెండు తీసుకోండి. ఒకదాన్ని చల్లటి నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టండి, రెండోదాన్ని సలసల మరుగుతున్న నీళ్ళలో వేయండి. మరుగునీళ్ళలో వేసినది పైన చిట్లి కరిగిపోతుంటే నడిమధ్యలో ఇంకా గట్టిగానే ఉంటుంది. చల్లటి నీళ్ళతో మొదలైనది లోపలా బయటా సమంగా ఉడుకుతుంది. ఫోర్క్ గుచ్చి చూసే పని పిల్లలకివ్వండి, నీళ్ళలో ఉండగా కాదు, దుంప ప్లేట్‌లోకి తీశాక. "లోపల టకటకలాడుతోంది" అని మా పాప అంది. దుంప లోపల ఇంకా ఉడకలేదని చెప్పడానికి మా ఇంట్లో ఇప్పుడు అదే మాట వాడతాం.

కొన్ని దుంపలు మెదిపితే పొడిపొడిగా విడిపోతాయి, కొన్ని ముక్క విరగకుండా నిలబడతాయి. ఏది ఏదో కోయకముందే తెలుసుకోవచ్చు. 11 కప్పుల నీళ్ళలో ఒక కప్పు ఉప్పు కరిగించి దుంపల్ని అందులో వేయండి. పిండి ఎక్కువున్నవి బరువుగా ఉండి మునుగుతాయి, అవి మెదపడానికి బాగుంటాయి. తేలినవి ముక్కలుగా వండుకోవడానికి. మా పిల్లలు ఇంట్లో ఉన్న దుంపలన్నీ ఆ బకెట్లో వేసేదాకా ఊరుకోలేదు.

ఆ పిండిని కళ్ళారా చూపించడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. పచ్చిదుంప తురిమి, నీళ్ళలో పిసికి, గుడ్డలో వడకట్టండి. నీళ్ళు బురదరంగులోకి మారతాయి. పది నిమిషాలు కదపకుండా ఉంచి పైనున్న నీళ్ళు నెమ్మదిగా వంపేయండి. గిన్నె అడుగున తెల్లగా గట్టిగా ఒక పొర పేరుకుని ఉంటుంది. వేలితో గబుక్కున నొక్కితే రాయిలా ఉంటుంది, మెల్లగా వేలు దించితే ద్రవంలా జారుతుంది. మా పాప దాన్ని ఉండ చేసి అరచేయి తెరిచింది, ఉండ వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. అరగంట సేపు ఆ గిన్నె దగ్గర్నించి లేవలేదు. బాబుకి గాయాలకి రాసే అయోడిన్ ఇచ్చి కోసిన దుంప మీద ఒక చుక్క వేయమన్నాను. క్షణాల్లో నల్లటి నీలం రంగొచ్చింది. (ఆ ముక్క పారేయండి, తినకూడదు.)

దీని తర్వాత మెదపడం నేర్పితే వాళ్ళకి బాగా అర్థమవుతుంది. మొదటిసారి మేము పని తేలికవుతుందని ఉడికిన దుంపల్ని మిక్సీలో వేశాం. బంకలా సాగింది, ఎవరూ తినలేకపోయాం. ఉడికినప్పుడు పిండి రేణువులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. బ్లేడు వాటిని పట్టుకున్న కణాల గోడల్ని ముక్కలు చేసేసరికి పిండి అంతా బయటికొచ్చి జిగురవుతుంది. "గిన్నె అడుగున చూసిందేగా అమ్మా ఇది" అన్నాడు బాబు. మర్నాడు వేడిగా ఉండగానే గరిటతో మెదిపి, వెన్న, ఉప్పు, కాసిన్ని వేడి పాలు కలిపాం. కలిపింది పాపే. అంతకుముందు దుంప ముట్టని పిల్ల రెండోసారి వడ్డించమంది.

పెద్దవాడికి దుంప కథ కూడా చెప్పండి, కాకపోతే వాడు అడిగినప్పుడే. కన్నున్న ముక్క పాతితే మొక్క వస్తుందని చెప్పినప్పుడు మావాడు "అయితే ఆ మొక్క కూడా ఇదేనా?" అన్నాడు. అవును, అచ్చం తల్లి మొక్కే, అన్నాను. ఐర్లండ్‌లో పేదలు ఎక్కువగా ఒకే రకం దుంప మీద ఆధారపడి బతికారు. 1845లో తెగులు మొదలయ్యాక ఒకేలాంటి ఆ మొక్కలు పెద్ద ఎత్తున కుళ్ళిపోయాయి. ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో మాత్రం, ఏడు వేల ఏళ్ళకు పైగా దీన్ని పండిస్తున్నవాళ్ళ దగ్గర, వేల రకాలున్నాయి, ఊదారంగువీ ఎర్రవీ కూడా. అక్కడ దుంపల్ని రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండి, ఎండబెట్టి ఏళ్ళ తరబడి దాచుకుంటారు. కాళ్ళతో తొక్కడం అనగానే మా పాప చెప్పులు విప్పేసింది!

చివరగా ఒక దుంపని పాతించండి. రెండు కళ్ళున్న ముక్క కోసి, ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, అడుగున చిల్లులున్న బకెట్లో సగం మట్టి పోసి నాటండి. మొక్క పెరిగేకొద్దీ కాండం చుట్టూ మట్టి ఎగదోస్తూ ఉండాలి. పూల తర్వాత ఆకుపచ్చ టమాటా లాంటి కాయలొస్తే వాటిని తినకూడదని ముందే చెప్పండి, అవి విషం. మా మొక్క మూడున్నర నెలలకి పండి వాలిపోయింది. బకెట్ బోర్లించి ఇద్దరూ చేతుల్తోనే వెతికారు. తొమ్మిది దుంపలు దొరికాయి, వాటిలో రెండు గోళీలంత. మా బాబు ఆ రెండింటినీ విడిగా పెట్టి, మళ్ళీ పాతడానికని కాగితం సంచి మీద తేదీ రాసుకున్నాడు.