పెసరట్టుకు సుడో అక్కరలేదు: ఒక యువ రచయిత్రికి లేఖ

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మల కథలన్నీ చదివాను. గీత బాగుంది, మాట ఇంకా బాగుంది; నరసాపురం, పాలకొల్లు వైపు పలుకుబడిని ఎక్కడా చెడగొట్టకుండా చిన్న చిన్న వాక్యాల్లో పట్టుకోగలిగావు. హ్యాకర్ల, అంటే కంప్యూటర్లను విప్పి చూసి సరదాపడేవాళ్ళ, సంస్కృతి మీద తెలుగులో హాస్య చిత్రకథ నడపాలన్న నీ సంకల్పం నాకు ఎంతో నచ్చింది. మన డెల్టాలో కంప్యూటరు చదువు చదివి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళిన పిల్ల గాని పిల్లవాడు గాని లేని వీధి లేదు గాని, ఆ పిల్లలు తమలో తాము నవ్వుకునే నవ్వు మన హాస్యంలోకి రావలసినంతగా రాలేదు. అది నీ చేతి మీదుగా రావాలని కోరుకుంటున్నాను కనుక మొహమాటం పెట్టుకోకుండా రాస్తున్నాను.

ముందుగా పెసరట్టు కథ సంగతి చెబుతాను. కొడుకు పెసరట్టు వెయ్యమంటాడు, తర్వాత కంప్యూటరుకు ఆజ్ఞ ఇచ్చినట్టు 'సుడో, పెసరట్టు వెయ్యి' అంటాడు, అమ్మ వేసి పెడుతుంది. అమెరికా చిత్రకారుడు రాండల్ మన్రో 2006లో ఎక్స్‌కేసీడీ అనే తన ఇంటర్నెట్టు చిత్రకథలో వేసిన శాండ్‌విచ్ బొమ్మే దీనికి మూలమని ఆ లోకం తెలిసినవాళ్ళు చూడగానే గుర్తుపడతారు. అక్కడ ఒకరు శాండ్‌విచ్ చేసి పెట్టమంటే రెండోవారు 'నువ్వే చేసుకో' అంటారు. అదే మాటను ముందు సుడో తగిలించి మళ్ళీ అనగానే మారు మాట్లాడకుండా సరేనంటారు. యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థ (ఆపరేటింగ్ సిస్టం) కుటుంబానికి చెందిన కంప్యూటర్లలో కొన్ని ఆజ్ఞలను మామూలు వాడుకరి ఇస్తే, నీకు ఆ అధికారం లేదని యంత్రం తోసిపుచ్చుతుంది. అవే ఆజ్ఞలను సుడోతో ఇస్తే సర్వాధికారి ఇచ్చినట్టు లెక్కగట్టి చేసి పెడుతుంది. కాబట్టి నవ్వు పుట్టేది ముందున్న తిరస్కారంలో. నీ కథలో అమ్మ కాదననే లేదు. గోదావరి జిల్లాల్లో ఏ అమ్మ కాదంటుంది? అడగకముందే పెసరట్టు, దాని మీద ఉప్మా కూడా పళ్ళెంలోకి వచ్చే ఇంట్లో సుడోకు పని లేదు.

మన ఇళ్ళలో అసలు చిక్కు వడ్డన మొదలుపెట్టించడం కాదు, ఆపించడం. ఆ ఆపడానికి కూడా యూనిక్స్‌లో ఆజ్ఞ ఉంది, దాని పేరు కిల్. ఉత్త కిల్ అంటే నడుస్తున్న ప్రోగ్రామును ముగించమని మర్యాదగా కోరడమే, ఆ ప్రోగ్రాము తలుచుకుంటే ఆ కోరికను పెడచెవిన పెట్టవచ్చు. కిల్‌కు మైనస్ తొమ్మిది తగిలిస్తే మాత్రం పెడచెవిన పెట్టడానికి వీలుండదు. అయితే ఆ ఆజ్ఞ ఇచ్చే అధికారం ఆ ప్రోగ్రామును నడుపుతున్నవాడికో సర్వాధికారికో ఉంటుంది తప్ప పక్కవాడికి ఉండదు. ఇప్పుడు సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుణ్ణి అరిటాకు ముందు కూర్చోబెట్టు. 'చాలండీ' అన్నాడు, అది ఉత్త కిల్. అత్తగారు వినిపించుకోలేదు, బూరె పడింది. మైనస్ తొమ్మిది ప్రయోగించాడు. అధికారం లేదని జవాబు వచ్చింది, రెండో బూరె పడింది. ఆ ఇంట్లో సర్వాధికారం పడక్కుర్చీలో కూర్చున్న మామ్మగారిది, ఆవిడేమో ఇంకా నెయ్యి వెయ్యమంటోంది. ఈ కథలో యంత్రం సంగతి ఒక్క పిసరు తప్పు లేదు, మన ఇంటి సంగతీ తప్పు లేదు. నేను నీకు చెప్పదలచుకున్నదంతా ఇదే: ఆ సంస్కృతి నుంచి మాటను అరువు తెచ్చుకోవద్దు, ఆ మాట వెనుక పని నడిచే తీరును తెచ్చుకో, తెచ్చుకుని మన మనుషులను ఆ తీరులో నడిపించు.

మన్రోను ఎలా చదవాలో తెలియడానికి 2007 అక్టోబరులో వచ్చిన బాబీ టేబుల్స్ బొమ్మను దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క గడినీ విడిగా చూడు. బడి నుంచి తల్లికి ఫోను వస్తుంది, కంప్యూటర్లో ఇబ్బంది వచ్చిందంటారు. మా వాడు ఏమైనా పగలగొట్టాడా అని ఆవిడ అడుగుతుంది. ఇంతవరకూ కంప్యూటరు తెలియని వాళ్ళు కూడా, బడి నుంచి ఫోను అందుకున్న ఏ తల్లి స్థానంలోనైనా నిలబడి కథ వినవచ్చు. తర్వాత తెలుస్తుంది, ఆవిడ ముద్దుగా బాబీ టేబుల్స్ అని పిలుచుకునే కొడుకుకు పెట్టిన పేరు రాబర్ట్ తర్వాత ఒక కొటేషన్ గుర్తు, ఒక బ్రాకెట్టు, ఒక సెమీకోలన్, ఆపైన విద్యార్థుల పట్టికను తొలగించమనే ఆజ్ఞ, చివర రెండు అడ్డగీతలు అని. కొటేషన్ గుర్తు దగ్గర పేరు అయిపోయిందని బడి వివరాలు దాచిన డేటాబేసు అనుకుంటుంది, బ్రాకెట్టూ సెమీకోలనూ చూసి మొదటి ఆజ్ఞ ముగిసిందనుకుంటుంది, ఆ వెనుక ఉన్నదాన్ని కొత్త ఆజ్ఞగా తీసుకుని పట్టికను చెరిపేస్తుంది. రెండు అడ్డగీతల తర్వాత మిగిలిన తోకను వ్యాఖ్యగా భావించి వదిలేస్తుంది. ఆ పేరులో అనవసరమైన గుర్తు ఒక్కటీ లేదు. ఈ ఏడాది విద్యార్థుల వివరాలన్నీ పోయాయి, మీకు సంతోషమేనా అని బడివాళ్ళు వాపోతే, డేటాబేసు లోపలికి వచ్చేదాన్ని శుభ్రం చేసుకోవాలని మీరు నేర్చుకున్నారనుకుంటాను అని ఆవిడ జవాబిస్తుంది. భద్రతను గురించి పాఠం చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఆ పిల్లవాడి పేరు చెప్పి పాఠం మొదలుపెడుతున్నారంటే, హాస్యం ఎంత కచ్చితంగా ఉందో నువ్వే ఊహించుకో.

ఈ బొమ్మను తెలుగు చేయాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. పిల్లవాడి పేరు మార్చినంత మాత్రాన తెలుగు కాదు. పేర్ల విషయంలో మనకు మన సొంత చిక్కులు ఉన్నాయి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత వస్తుంది. దరఖాస్తు పెట్టెలేమో అసలు పేరును ముందూ ఇంటిపేరును వెనుకా అడుగుతాయి. వెంకట సత్యనారాయణ వంటి పేరు పెట్టెలో పట్టక సగంలో తెగుతుంది. ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాసుకునే వాళ్ళకు, కనీసం రెండు అక్షరాలైనా ఉండాలని కంప్యూటరు మొండికేస్తుంది. పాస్‌పోర్టులో ఒకలా, పట్టాదారు పుస్తకంలో ఒకలా, మార్కుల జాబితాలో మరోలా ఒకే మనిషి ముగ్గురు మనుషులై తిరుగుతున్న జిల్లా ఇది. దానికి కారణం, మనుషుల పేర్లన్నీ తన పేరులాగే ఉంటాయని ప్రోగ్రాము రాసినవాడు తలచడం. ఆ కారణం చుట్టూ కథ అల్లితే, బాబీ తల్లికి సమ ఉజ్జీ అయిన మన తల్లి ఒకావిడ తనంతట తానే పుడుతుంది.

హుడీ వేసుకుని చీకటి గదిలో ఆకుపచ్చ అక్షరాల ముందు కూర్చుని బ్యాంకును కొల్లగొట్టే కుర్రాడి కథను మాత్రం పక్కన పెట్టమని గట్టిగా చెబుతున్నాను. వాడు సినిమాల మనిషి. అసలు హ్యాకర్లు వేరు. 1950ల చివర అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో రైలు నమూనాల క్లబ్బు ఒకటి ఉండేది. దాని సభ్యుల్లో కొందరికి పైన తిరిగే రైళ్ళ కన్నా బల్ల కింద ఉన్న తీగలూ రిలే స్విచ్చులూ ఇష్టం. వాళ్ళే రాత్రిళ్ళు కంప్యూటరు ఖాళీగా దొరికే వేళ కాచుకుని కూర్చుని, దాని చేత ఎవరూ చేయించని పనులు చేయించారు, చేసినదాన్ని పక్కవాడికి దాచకుండా ఇచ్చారు. వస్తువును విప్పి చూడడం, మెరుగుపరచడం, పంచుకోవడం అన్న ఆ మూడు గుణాలనూ నువ్వు ఎక్కడో వెతకనక్కరలేదు. ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్ళి చూడు. చెరువు నీళ్ళలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గుతుంది, ఆ వేళ నీళ్ళను చిలికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం పోతుంది. అందుకని కరెంటు పోగానే రైతు ఫోను మోగేలా, ఇంట్లో మంచం మీద నుంచే ఫోనుతో మోటారు వేసేలా సిమ్ కార్డు పెట్టిన స్టార్టర్లు వచ్చాయి. అటువంటి పెట్టెను విప్పి, తనకు కావలసినట్టు తీగ మార్చి, ఆ కిటుకును పక్క చెరువు వాడికీ చెప్పే మెకానిక్కే నీ కథానాయకుడు. వాడికి హుడీ వద్దు, లుంగీ చాలు.

హ్యాకర్ల హాస్యానికి ఇంకో లక్షణం ఉంది, అది నీకు చాలా పనికివస్తుంది: ఎంత అసంబద్ధమైన విషయాన్నయినా పూర్తి శాస్త్రీయంగా, నవ్వు పైకి కనబడనీయకుండా రాయడం. ఇంటర్నెట్టు ఎలా నడవాలో నిర్దేశించే పత్రాల వరసలోనే 1990 ఏప్రిల్ 1న పావురాల ద్వారా సమాచారం పంపే పద్ధతి ఒకటి వెలువడింది. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో యూనిక్స్ తరహా లినక్స్ వ్యవస్థ ప్రియులు నిజంగానే పావురాలతో దాన్ని ప్రయోగించి, తొమ్మిది సమాచార పొట్లాలు పంపి నాలుగింటికి జవాబు అందుకున్నారు. మన్రో బొమ్మలకూ అదే జరిగింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ చేతిలో ఆయన కత్తి పెట్టి గీస్తే, పాఠకులు స్టాల్‌మన్‌కు నిజమైన కత్తి తెచ్చి ఇచ్చారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో గాలిలో తేలిపోతున్న మనిషిని గీస్తే, యాంటీగ్రావిటీ అనే మాడ్యూలును (చిన్న ప్రోగ్రాము ముక్కను) ఆ భాషలోనే చేర్చారు. దాన్ని పిలిస్తే ఆ బొమ్మ ఉన్న పేజీ తెరుచుకుంటుంది. వరదల్లో లంక గ్రామాలకు టవరు పనిచేయక, మెమరీ కార్డును నాటు పడవలో పంపితే సెకనుకు ఎంత డేటా దాటినట్టో ఒక సరంగు నిష్ఠగా లెక్క వేసే కథ నువ్వు రాస్తే, ఆ లెక్క తప్పకుండా సరిపోవాలి. మన వాళ్ళలో ఎవరో ఒకరు కాగితం తీసి సరిచూస్తారు.

లెక్క అన్నాను కనుక తాతగారి పాస్‌వర్డు కథ. నాలుగు మామూలు మాటలు కలిపితే గట్టి పాస్‌వర్డు అవుతుందన్న మన్రో 2011 నాటి బొమ్మ నుంచి దాన్ని తీసుకున్నావు, తాతగారి చేత 'అడుసు తొక్కనేల కాలు కడగనేల' అనే సామెతను పాస్‌వర్డుగా పెట్టించి మనవడి చేత మెచ్చుకోలు ఇప్పించావు. ఇక్కడ నీ కథ తప్పింది. రెండు వేల చిల్లర మాటల జాబితా నుంచి ఒక్కో మాటనూ గుడ్డిగా తీస్తే మాటకు 11 బిట్ల (ఊహించడం ఎంత కష్టమో చెప్పే కొలత) చొప్పున నాలుగింటికి 44 బిట్లు అవుతాయి. సెకనుకు వెయ్యి ఊహలు చేసేవాడికి అవన్నీ ప్రయత్నించడానికి సుమారు 550 ఏళ్ళు పడుతుంది. అక్షరాల మధ్య అంకెలూ గుర్తులూ ఇరికించి మనం కష్టపడి గుర్తుపెట్టుకునే రకానికి ఆ బొమ్మలో వేసిన విలువ 28 బిట్లే, అది మూడు రోజుల పని. ఆ బలమంతా మాటలకు ఒకదానితో ఒకటి సంబంధం లేకపోవడం వల్ల వచ్చింది. సామెతలో మొదటి మాట తెలిస్తే చివరి మాట తెలిసినట్టే. ఈ తప్పును కథలోంచి తీసేయవద్దు, దీన్నే కథ చేయి. తాతగారు అరుగు మీద కూర్చుని, ఎవరికీ తెలియకూడదని గొంతు తగ్గించి 'అడుసు తొక్కనేల' అనగానే, పేపరు చదువుతున్న మాష్టారూ, పాలు పోయడానికి వచ్చినావిడా, గేటు బయట సైకిలు దిగుతున్న పోస్టుమ్యానూ ఒక్క గొంతుతో 'కాలు కడగనేల' అంటారు. మనవడు తల పట్టుకుంటాడు. నువ్వు రాసినదాని కన్నా ఇది నవ్విస్తుంది, పైగా నిజం.

రేషను కౌంటరు కథలో ఒక మార్పు అడుగుతాను, దీన్ని మాత్రం కాదనవద్దు. అంబాజీపేట వైపు ఏళ్ళ తరబడి కొబ్బరికాయలు వలిచిన చేతులకు వేలి గీతలు అరిగిపోయి, రేషను యంత్రం మీద వేలిముద్ర పడదు. 'ముద్ర పడటం లేదు, మళ్ళీ పెట్టు' అన్న మాట, 'సర్వర్ డౌన్' అన్న మాట మన పల్లెల్లో కంప్యూటరు ముట్టని వాళ్ళకు కూడా తెలుసు. మన్రో బొమ్మలో ఉద్యోగులు కుర్చీల మీద నిలబడి కత్తియుద్ధం చేస్తూ, ఎందుకని అడిగిన పై అధికారికి కంపైల్ అవుతోందని (రాసిన ప్రోగ్రాము యంత్రభాషలోకి మారుతోందని) జవాబు చెప్పినట్టే, సర్వర్ డౌన్ అన్న మాట చుట్టూ మన కౌంటర్ల దగ్గర ఎంతైనా కథ నడపవచ్చు. కాని నీ బొమ్మలో ముసలాయన వేలిని మళ్ళీ మళ్ళీ పెడుతుంటే వెనకవాళ్ళు ఆయన్ను చూసి నవ్వుతున్నారు. ఆయన చెయ్యి పనిచేసిన చెయ్యి. ఆ చేతిని గుర్తించలేని యంత్రాన్ని తయారుచేసినవాళ్ళ మీదకు ఆ నవ్వును తిప్పు. హ్యాకర్ల హాస్యంలో మంచిదంతా యంత్రానికీ, దాన్ని సరిగా ఆలోచించకుండా కట్టినవాడికీ గురిపెట్టినదే.

ఇక పనిముట్ల సంగతులు రెండు. మన్రో బొమ్మ మీద మౌసు పెడితే ఇంకో వాక్యం కనిపిస్తుంది కదా అని నువ్వూ చివరి చమత్కారాన్ని అలాగే దాచావు. నీ పాఠకులు ఫోనులో చూస్తారు, ఫోనుకు మౌసు ఉండదు, ఆ వాక్యం వాళ్ళకు చేరనే చేరదు. దాన్ని బొమ్మ కింద చిన్న అక్షరాలతో వెయ్యి. ఒత్తులు కింది వరసలోకి దిగి ఢీకొనకుండా వరసకూ వరసకూ మధ్య ఎడం ఉంచు. రెండోది, బొమ్మలో కోడు రాసేటప్పుడు ఫోను కీబోర్డు కొటేషన్ గుర్తును అందంగా వంచేస్తుంది. వంగిన గుర్తును డేటాబేసు కొటేషన్‌గా ఒప్పుకోదు, ఆ కోడు నడవదు. నీ మూడో కథలో గుర్తులు వంగి ఉన్నాయి. వాటిని నిటారుగా మార్చి, అల్లుడి కథతో పాటు పండగ లోపల పంపించు.

ఆశీస్సులతో.