టెంపరేచర్ ముల్లు పైకి లేవడం లేదా? సంబరపడకండి

ప్రశ్న: నాది పాత కారు, కార్బ్యురేటర్ ఇంజిన్. కొన్నాళ్లుగా టెంపరేచర్ ముల్లు కింది గీత దాటి కొంచెం లేచి అక్కడే ఆగిపోతోంది. హైవే ఎక్కితే ఇంకా దిగుతుంది, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కాస్త పెరుగుతుంది. మైలేజ్ కూడా తగ్గింది. మెకానిక్‌ని అడిగితే ‘ఇంజిన్ చల్లగా ఉంటే మంచిదే కదా, టెన్షన్ ఎందుకు’ అంటున్నాడు. నిజంగా మంచిదేనా?

జవాబు: కాదండీ, అస్సలు మంచిది కాదు. వేడెక్కిపోయిన ఇంజిన్ పొగలు కక్కుతూ నడిరోడ్డు మీద ఆగిపోతుంది కాబట్టి దానికి అందరూ భయపడతారు. చల్లగా నడిచే ఇంజిన్ మాత్రం చప్పుడు చేయకుండా లోపల్లోపలే అరిగిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. సిలిండర్ గోడలు తగినంత వేడిగా లేకపోతే పెట్రోల్ పూర్తిగా ఆవిరి కాదు. కొంత ద్రవంగానే గోడలకు అంటుకుని, అక్కడున్న ఆయిల్ పొరను కడిగేస్తూ కింద ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పలచబడుతుంది, పిస్టన్ రింగులు అరుగుతాయి. పెట్రోల్ మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది కదా, అందులో కొంత రింగులు దాటి కిందికి దిగుతుంది. ఆయిల్ బాగా కాగితే ఆ ఆవిరి బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే గొట్టం) గుండా బయటికి పోతుంది, కాగకపోతే లోపలే నీరై ఆయిల్‌తో కలిసి జిడ్డు మడ్డిలా పేరుకుంటుంది. ఒకసారి ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు చూడండి, లేత పసుపు రంగులో మీగడలాంటిది కనిపిస్తే చాలావరకు ఈ చల్లదనం వల్లే. అయితే డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పాలు కలిపినట్టు ఉండి, రేడియేటర్‌లో కూలెంట్ తగ్గుతూ ఉంటే అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైన ఉండే హెడ్‌కూ మధ్య బిగించే సీలు) గొడవ కావచ్చు, అప్పుడు బండి నడపకుండా ముందు అది చూపించుకోండి.

మీరు రాసిన లక్షణాల్లో నాకు బాగా పనికొచ్చింది హైవే మీద దిగడం, ట్రాఫిక్‌లో పెరగడం. మీటర్ పాడైతే ముల్లు ఇలా గాలిని బట్టి ఊగదు. రేడియేటర్‌కు గాలి తగిలిన కొద్దీ ఇంజిన్ చల్లబడుతోందంటే నీళ్లు అవసరం ఉన్నా లేకపోయినా అందులోకి పోతూనే ఉన్నాయన్నమాట. ఇంజిన్ కాగేదాకా వాటిని ఆపాల్సిన వాల్వు, అంటే థర్మోస్టాట్, తెరుచుకునే ఉండిపోయి ఉంటుంది, లేదా ఎవరో ఎప్పుడో తీసి పారేసి ఉంటారు. పాత బళ్లలో ఈ రెండోది చాలా మామూలు.

దీన్ని తేల్చుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. రాత్రంతా ఆగి చల్లారిన ఇంజిన్‌తో మొదలుపెట్టండి. ముందు కూలెంట్ ఎంత ఉందో చూడండి (వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకండి, మరిగే నీళ్లు ముఖాన కొడతాయి). స్టార్ట్ చేసి, చొక్కా చేతులు పైకి మడిచి, ఫ్యాన్‌కు దూరంగా ఉంటూ, ఇంజిన్ పైనుంచి రేడియేటర్‌కు వెళ్లే లావు పైపు మీద మధ్యమధ్యలో చెయ్యి వేసి చూడండి. థర్మోస్టాట్ సరిగ్గా ఉంటే ఇంజిన్ వేడెక్కుతున్నా ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత కాలిపోతుంది. అలా కాకుండా మొదటి నిమిషం నుంచే మెల్లమెల్లగా గోరువెచ్చగా అవుతూ వస్తే తెరుచుకుని ఉన్నట్టే. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది, వాటిలో ఈ పై పైపు పరీక్షను నమ్ముకోవద్దు.

దూరం నుంచి వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దొరికితే ఇంకా మంచిది. మెరిసే అల్యూమినియం మీద నేరుగా పెడితే అది తక్కువ చూపిస్తుంది, థర్మోస్టాట్ హౌసింగ్ (దాన్ని బిగించిన లోహపు గూడు) మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి. కొంతదూరం నడిపి వచ్చాక కూడా 55, 60 డిగ్రీల దగ్గరే ఉంటే ఇంజిన్ నిజంగానే చల్లగా ఉంది. 80 దాటి ఉంటే ఇంజిన్ బాగానే ఉంది, ముల్లు అబద్ధం చెబుతోంది.

థర్మోస్టాట్ విప్పితే దాని మీదే నంబర్ కొట్టి ఉంటుంది, చాలా బళ్లకు 82 లేదా 88 డిగ్రీలు. చల్లగా ఉన్నప్పుడు వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి, వాల్వు పక్కనుంచి వెలుగు కనిపిస్తే అది పూర్తిగా మూసుకోవడం లేదు. అనుమానం తీరకపోతే గిన్నెలో నీళ్లు పోసి, అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి కాచండి, పక్కన థర్మామీటర్ పెట్టండి. ఆ నంబర్‌కు కాస్త అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలవ్వాలి, నీళ్లు చల్లారాక గట్టిగా మూసుకోవాలి. కొత్తది వేసేటప్పుడు మైనం నిండిన బుడిపె ఇంజిన్ వైపు ఉండాలి, గాలి పోయే చిన్న రంధ్రం ఉంటే అది పైకి రావాలి. అది కూర్చునే గట్టు తుప్పుపట్టి గుంటలు పడి ఉంటే కొత్తది వేసినా పక్కల నుంచి నీళ్లు జారిపోతాయి, కాబట్టి ఆ అంచు గీకి శుభ్రం చేయకుండా బిగించనివ్వకండి.

ప్రశ్న: మా పాత డీజిల్ బండి వేడెక్కుతోందని మెకానిక్ థర్మోస్టాట్ తీసేశాడు. ఇప్పుడు వేడి సమస్య లేదు కానీ పొద్దున్నే తెల్లపొగ, టకటక శబ్దం చాలాసేపు పోవడం లేదు. ఇలాగే వదిలేయొచ్చా?

జవాబు: వదిలేయకండి. డీజిల్ ఇంజిన్‌కు మంట పుట్టేదే లోపలి వేడి వల్ల, అది చాలనప్పుడు డీజిల్ ఆలస్యంగా, అరకొరగా మండుతుంది, మీరు చూస్తున్న పొగ, వింటున్న శబ్దం అవే. పైగా అసలు రోగం అలాగే ఉంది. రేడియేటర్ పూడుకుపోయిందో, వాటర్ పంపు నీరసించిందో, ఫ్యాన్ బెల్టు జారుతోందో ఎవరూ చూడలేదు, ఎండలో లోడుతో ఎత్తు ఎక్కితే మళ్లీ బయటపడుతుంది. ఇంకో సంగతి, కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని కూడా అదే మూస్తుంది. దాన్ని తీసేస్తే కొంత వేడినీరు రేడియేటర్‌కు పోకుండా ఇంజిన్‌లోనే తిరుగుతుంది, అలాంటి బండి లోడు పడితే ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. రేడియేటర్ శుభ్రం చేయించి, కంపెనీ చెప్పిన డిగ్రీల థర్మోస్టాట్ పెట్టించండి. తక్కువ డిగ్రీలది వేస్తే వేడి తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, అది త్వరగా తెరుచుకుంటుందంతే, పూడుకుపోయిన రేడియేటర్‌ను బాగుచేయదు.

ప్రశ్న: కొత్త థర్మోస్టాట్ వేశాం, హీటర్ బాగా వేడిగా వస్తోంది, అయినా ముల్లు కిందే ఉంది. ఏం చేయాలి?

జవాబు: హీటర్ వేడిగా వస్తోందంటే ఇంజిన్ కాగుతోంది, తప్పు మీటర్ లైనులో ఉంది. సెండర్ (ఇంజిన్‌లో వేడిని పసిగట్టి మీటర్‌కు చెప్పే భాగం) దగ్గర వైరు వదులైందా, తుప్పు పట్టిందా చూడండి. ఒకే వైరు ఉన్న సెండర్‌కు ఎర్త్ దాని మరల ద్వారానే అందుతుంది, లీకు కాకూడదని వాటికి టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే ఎర్త్ సరిగ్గా అందక ముల్లు తక్కువ చూపిస్తుంది. కొన్ని పాత బళ్లలో పెట్రోల్ మీటర్‌కూ దీనికీ కలిపి ఒకే వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది, రెండు ముళ్లూ కలిసి తక్కువ చూపిస్తుంటే ముందు దాన్నే అనుమానించండి.

ఇంకో మాట, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎప్పుడైనా ముల్లు కింద ఉండి, వేడిగా వచ్చే హీటర్ కూడా ఉన్నట్టుండి చల్లటి గాలి కొడితే బండి వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. కూలెంట్ కారిపోయి సెండర్ నీళ్లలో కాకుండా ఖాళీలో ఉందేమో, అప్పుడు ఇంజిన్ మాడిపోతున్నా ముల్లు పైకి రాదు. పూర్తిగా చల్లారాకే మూత తీసి కూలెంట్ చూడండి.