విల్లు కొనకండి, ముందు క్లబ్‌లో చేర్పించండి

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పుట్టుకతోనే ఎడమకాలు కాస్త బలహీనం, కొంచెం కుంటుతుంది. మా కాలనీ దగ్గర పిల్లలు, పెద్దవాళ్లు, వీల్‌చెయిర్‌లో ఉండేవాళ్లు అందరూ కలిసి నేర్చుకునే ఆర్చరీ క్లబ్ పెట్టారు. చేరతానని పట్టుబడుతోంది. చదువు పాడవుతుందని వాళ్ల నాన్న భయం. దీంతో ఉద్యోగం ఏమైనా వస్తుందా? - ఒక తల్లి, విజయవాడ

జవాబు: చేర్పించండమ్మా. ఉద్యోగం సంగతి ఏడాది తర్వాత చూద్దాం.

చదువు గురించి మీవారికి నచ్చజెప్పడానికి మీ ఊళ్లోనే ఉదాహరణ ఉంది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన ఆర్చర్ జ్యోతి సురేఖ ఇంజినీరింగ్ కూడా చదివారు. అయితే మీ అమ్మాయిని ఆమెతో పోల్చొద్దు. అంతదాకా వెళ్లేది ఏ కొద్దిమందో.

ఇక కాలి సంగతి. ఆర్చరీలో పరుగు లేదు. నిలబడి వేయొచ్చు, స్టూలు మీద కూర్చుని కూడా వేయొచ్చు. న్యూజిలాండ్‌కు చెందిన నెరోలీ ఫెయిర్‌హాల్ 1984లోనే వీల్‌చెయిర్‌లో కూర్చుని మామూలు ఒలింపిక్స్‌లో పోటీపడ్డారు. చేతులు లేని మన శీతల్ దేవి కాలితో విల్లు పట్టుకుని, రాకేశ్ కుమార్‌తో కలిసి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అందుకే మీ అమ్మాయిని ఇప్పుడే 'పారా' అని విడిగా కూర్చోబెట్టొద్దని కోచ్‌కి చెప్పండి. తర్వాత పారా పోటీలకు వెళ్లాలనుకుంటే ఒక మెలిక ఉంది: సదరం సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆటకు సంబంధించి లోపం ఎంత ఉందో చూసే క్లాసిఫికేషన్ పరీక్ష వేరుగా చేస్తారు. తేలికపాటి లోపమైతే అందులో అర్హత రాకపోవచ్చు. ఆ ఆశ మీదే లెక్కలు వేసుకోకండి.

చేర్పించే ముందు ఒక సాయంత్రం వెళ్లి గంటసేపు చూడండి. రెండు విజిల్స్‌కి లైన్ దగ్గరికి రావాలి, ఒక విజిల్‌కి బాణం వేయాలి, మూడు విజిల్స్ వినపడ్డాకే బాణాలు తెచ్చుకోవడానికి వెళ్లాలి. అక్కడ ఎవరైనా విజిల్ కాకముందే టార్గెట్ వైపు నడుస్తుంటే, ఫీజు ఎంత తక్కువైనా ఆ క్లబ్ వద్దు. కొత్త పిల్లలకు మొదట్లో రబ్బరు బ్యాండ్ లాగించి, తర్వాత తేలికపాటి విల్లుతో నాలుగైదు మీటర్ల నుంచి వేయిస్తుంటే మంచి కోచ్ అని అర్థం. వచ్చీరాగానే బరువైన విల్లు ఇస్తే భుజం దెబ్బతింటుంది.

సొంత విల్లు కొనాలన్న తొందర వద్దు. పోటీలకు పనికొచ్చే రికర్వ్ (కొసలు ముందుకు వంగి ఉండే విల్లు) సెట్ లక్ష దాటుతుంది. పైగా ఎదిగే పిల్లకు చేతి పొడవు, బలం మారుతూ ఉంటాయి, ఈరోజు కొన్నది ఏడాదికి పనికిరాకపోవచ్చు. క్లబ్ విల్లుతోనే కానివ్వండి. తాడు తగలకుండా ముంజేతికి కట్టుకునే ఆర్మ్‌గార్డ్, వేళ్లను కాపాడే ఫింగర్ ట్యాబ్ మాత్రం సొంతంగా కొనివ్వండి.

ఏడాది తర్వాత కూడా ఇంతే ఇష్టం ఉంటే స్కూల్ గేమ్స్, తర్వాత యూనివర్సిటీ పోటీలు ఉన్నాయి. రైల్వే లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటాలో ఆర్చర్లను తీసుకుంటారు గానీ, అది గుర్తింపు పొందిన పోటీల్లో తగిన ప్రతిభ చూపినవాళ్లకే. ఏ సర్టిఫికెట్‌నీ పారేయకండి. కోచింగ్, స్పోర్ట్స్ ఫిజియోథెరపీ కూడా దారులే. వాటికి మాత్రం చదువు కావాలి, ఈ మాట మీవారికి కాస్త గట్టిగానే చెప్పండి.

టెన్త్‌కి వచ్చాక రోజూ కాకుండా శని, ఆదివారాలకు తగ్గించుకోండి. ఇంకోమాట, పెద్దలకూ నేర్పుతారని రాశారుగా, మీరు కూడా పేరు ఇచ్చేయకూడదూ? ఎలాగూ అమ్మాయిని దింపడానికి వెళ్లాల్సిందే.