పాత కామిక్స్ కొని దాచిపెడితే లాభమేనా? ట్రంకు పెట్టెలు మోసి అమ్మినవాడి జవాబు

మీరు అడిగింది ఇది: మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం, చేతిలో మూడు లక్షలు, ప్లాటుకు చాలవు, షేర్లంటే భయం. అమెరికాలో పాత కామిక్ పుస్తకాలు కోట్లకు పోతున్నాయని వీడియోల్లో చూశారు. మన చందమామలు, ఇంద్రజాల్ కామిక్స్, వీలైతే ఒకటో రెండో అమెరికావి కొని పదిహేనేళ్లు దాస్తే పెరుగుతాయా అని.

నేను నల్గొండలో ఉంటాను. 2006 నుంచి కొంటున్నాను. 2019లో ఒకసారి అమ్మాల్సి వచ్చింది. పదమూడేళ్లు కొంటూ నేర్చుకోనిది అమ్మిన ఒక్క రోజులో నేర్చుకున్నాను కాబట్టి ముందు అదే చెప్తా.

ఆ ఏడు జూన్‌లో మా అమ్మాయికి ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి. లక్షా ఇరవై వేలు తక్కువ పడ్డాయి. నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. ఏ పుస్తకం ఎప్పుడు కొన్నాను, ఎంత పెట్టాను, ఇప్పుడు ఆన్‌లైన్లో ఎంత చెప్తున్నారు అని గళ్లు గీసి రాసుకునేవాణ్ణి. ఆ చివరి గడి కూడితే లక్షా అరవై వేలు వచ్చింది. ఫీజు పోగా ఇంకా మిగులుతాయనుకొని రెండు ట్రంకు పెట్టెలు బస్సు మీద వేయించుకొని హైదరాబాద్ పోయాను.

పాత పుస్తకాల వ్యాపారి గంటన్నర సేపు ఒక్కొక్కటీ తిరగేసి మూడు కుప్పలు పెట్టాడు. మొదటి కుప్ప చూపించి "ఇవి తీసుకుంటా సార్" అన్నాడు. రెండోది "కావాలంటే కిలోల లెక్కన." మూడోది "ఇవి మీరే ఇంటికి తీసుకుపోండి, మంచిగ చదువుకోండి." మొదటి కుప్పకు 41 వేలు ఇస్తానన్నాడు. నాకు తల తిరిగింది. "ఇదొక్కటే ఆన్‌లైన్లో నాలుగు వేలు చెప్తున్నారు గదా" అన్నాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "చెప్తున్నారు సార్, నేను కూడా చెప్తున్నా. రెండేళ్ల నుంచి చెప్తూనే ఉన్నా" అన్నాడు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మా నాయిన పత్తి గురించి అనేవాడు. పుస్తకాలకూ అదే. నోట్‌బుక్‌లో నేను రాసుకున్నవన్నీ అమ్మేవాళ్లు అడిగే ధరలు. ఎవరో డబ్బు చేతిలో పెట్టి కొన్న ధర అందులో ఒక్కటీ లేదు.

ఆ మొదటి కుప్పకు నేను పెట్టింది 26 వేలు. అంటే లాభమే వచ్చింది గదా అని మీరనొచ్చు. కానీ 2006లో తులం బంగారం పది వేల లోపే ఉండేది, 2019 జూన్‌లో 33 వేల దగ్గర ఉంది. పైగా మిగతా రెండు కుప్పల్లో నా 45 వేలు ఇరుక్కుపోయాయి. చివరికి మిగిలిన ఫీజు ఎట్లా కట్టామంటే, మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి. తూకం, సంతకం, డబ్బులు, అంతా కలిపి గంట కూడా పట్టలేదు. పుస్తకాల గురించి ఆమె ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

ఇక మూడో కుప్ప గురించి చెప్పాలి, ఎందుకంటే తెలుగు ఇళ్లలో దొరికే చందమామల్లో చాలా భాగం ఇట్లాంటివే. మా నాయిన బడి పంతులు. చందమామ ఇంటికి నెలనెలా వచ్చేది, ఒక్కటి కూడా పారెయ్యలేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వాటిని జాగ్రత్త చేద్దామని క్లాక్ టవర్ దగ్గర బైండింగ్ చేసే చాచా దగ్గరికి తీసుకుపోయాను. "అట్టలు తీసేస్తే సన్నగ వస్తది బేటా, అంచులు కూడా సాఫ్ చేసి ఇస్తా" అన్నాడు. పిన్నులు పీకి, అట్టలు పక్కన పడేసి, పన్నెండు నెలలవి ఒక కట్టగా కుట్టి, కటింగ్ మిషన్‌లో పెట్టి మూడు వైపులా కోశాడు. సన్నటి కాగితపు రిబ్బన్లు కింద కుప్పగా పడుతుంటే సంబరంగా చూస్తూ నిలబడ్డాను. పైన ఎర్ర కాలికో గుడ్డ, దాని మీద బంగారు రంగులో 'చందమామ 1968'. అట్లాంటివి ఏడు వాల్యూములు. చందమామ అట్టల మీద బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య, 'వపా' అని సంతకం చేసిన ముఖచిత్రాలు ఎన్ని ఆ రోజు చిత్తు బుట్టలో పోయాయో నాకు తెలియదు, లెక్క పెట్టుకోదలచుకోలేదు.

హైదరాబాద్ వ్యాపారి ఆ వాల్యూము అంచు మీద వేలితో రాసి చూసి, "బైండింగ్ బాగుంది సార్" అని మూడో కుప్పలో పెట్టాడు.

అట్ట లేకపోతే అంతేనా అంటే, అంతే. చదవడానికైతే పాత చందమామల స్కాన్లు ఇంటర్నెట్లో దొరుకుతూనే ఉన్నాయి. డబ్బులిచ్చేవాడు కథకు ఇవ్వడు, ఆ వస్తువుకు ఇస్తాడు. అది ప్రెస్సు నుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే కావాలి. సీరియల్ పేజీలు చించి విడిగా కుట్టించుకోవడం, అట్ట మీద పేరు రాసుకోవడం, సెల్లో టేపు, ల్యామినేషన్, లైబ్రరీ ముద్ర... మనం ప్రేమతో చేసినవన్నీ ధర తగ్గించేవే. అమెరికాలోనూ ఇదే గోల. వుల్వరిన్ పూర్తిగా కనిపించిన మొదటి సంచిక 1974 నాటి ఇంక్రెడిబుల్ హల్క్ 181. దాంట్లో పిల్లలు కత్తిరించి దాచుకోవడానికి స్టాంపు బొమ్మ ఒకటి వేశారు. పాపం పిల్లలు కత్తిరించారు. ఆ చిన్న చతురస్రం లేని కాపీకి ధర అమాంతం పడిపోతుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, పేజీలు తిప్పితేనే తెలుస్తుంది.

మరి కోట్లు ఎట్లా వస్తున్నాయి? సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ ఒకటో సంచిక 1938లో పది సెంట్లు. ఆ పుస్తకం ఒక కాపీ 2024లో 60 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. అప్పట్లో రెండు లక్షల దాకా అచ్చేశారు, ఇప్పుడు వంద దాకా మిగిలి ఉంటాయని అంచనా. అప్పుడు వాటిని ఎవరూ దాచలేదు. చదివి పారేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితాల సేకరణకు ఇచ్చేశారు. ఎవరూ దాచలేదు కాబట్టే ఆ ధర. దీనికి ఉల్టా కథ 1992ది. సూపర్‌మ్యాన్ చచ్చిపోయాడని చూపించిన సంచికను నల్ల కవర్లో పెట్టి అమ్మితే, పిల్లల చదువులకు పనికొస్తుందని జనం రెండేసి మూడేసి కాపీలు కొని కవరు కూడా విప్పకుండా దాచారు. లక్షల కాపీలు అట్లాగే కొత్తగా ఉన్నాయి, కాబట్టి ఇప్పటికీ చవకగానే దొరుకుతుంది. ఆ మోజు దిగిపోయాక, నాలుగేళ్లలో, 1996లో సూపర్‌మ్యాన్ వాళ్లకు పోటీ అయిన మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. ఎవరైనా మీకు 'కలెక్టర్స్ ఎడిషన్' అని కొత్త పుస్తకం అమ్మబోతే ఈ నల్ల కవరు గుర్తు తెచ్చుకోండి.

మన పుస్తకాల్లో చందమామ 1947 జూలైలో మొదలైంది. ఆ మొదటి ఏళ్లవి అట్టలతో సహా దొరకడం కష్టం, దొరికితే కొనేవాళ్లు ఉన్నారు. 1980లవి కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఇంద్రజాల్ 1964 మార్చిలో ఫాంటమ్‌తో మొదలై 1990లో ఆగిపోయింది, అందులోనూ మొదటి సంచికలకే గిరాకీ. అమర చిత్ర కథ 1967 నుంచి. దాన్ని మాత్రం మళ్లీ మళ్లీ అచ్చేశారు, చాలాసార్లు అదే అట్టతో. వెనక అట్ట మీద ఉన్న పుస్తకాల జాబితా, ముందున్న ధర చూడకుండా 'మొదటి ముద్రణ' అంటే నమ్మకండి.

నన్ను అసలు భయపెట్టే సంగతి ఇంకోటి. 41 వేలకు నా పుస్తకాలు తీసుకున్న వ్యాపారిని, వీటిని ఎవరు కొంటారని అడిగాను. "మీ వయసువాళ్లే సార్" అన్నాడు. చిన్నప్పుడు చదివి, యాభై దాటాక చేతిలో డబ్బు వచ్చి, మళ్లీ ఆ వాసన కావాలనుకునేవాళ్లు. అమెరికా కామిక్ హీరోలకు ఏటా ఒక సినిమా వచ్చి కొత్త పిల్లల్ని తెచ్చిపెడుతుంది. చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్లు దాటింది. మా అమ్మాయికి భేతాళుడు తెలుసు కానీ, ఆ శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడి బొమ్మ గీసిన శంకర్ ఎవరో తెలియదు. మీరు పదిహేనేళ్లు ఆగి అమ్మేనాటికి నా బోటివాళ్ల సేకరణలన్నీ మా పిల్లలు అమ్మకానికి పెడతారు. కొనేవాళ్లు తగ్గుతారు, సరుకు పెరుగుతుంది. ఈ ఒక్క కారణానికే మన పాత పత్రికల్ని నేను పెట్టుబడి అనను. తప్పయితే సంతోషమే.

అమెరికావి కొనాలంటే సీజీసీ లాంటి కంపెనీ పుస్తకం ఎంత బాగుందో చూసి గ్రేడు ఇచ్చి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసినవే కొనండి. పది పాయింట్ల లెక్క ఉంటుంది, పాయింటు తేడాకే ధర ఎక్కడికో పోతుంది. రూపాయి పడిపోతూ ఉంటుంది కాబట్టి డాలర్ వస్తువు పట్టుకోవడంలో మనకు కొంత లాభం ఉన్నమాట నిజమే. కానీ వేలం కంపెనీ కమీషన్ 20 శాతం అటూ ఇటూ, షిప్పింగు, ఇన్సూరెన్సు, కస్టమ్స్, మళ్లీ అమ్మాలంటే తిరుగు షిప్పింగు. ఇవన్నీ దాటాకే మీ లాభం మొదలవుతుంది. కరోనా టైంలో ధరలు ఆకాశానికి పోయి తర్వాత బాగా దిగాయి. సినిమా ప్రకటన రాగానే కొన్నవాళ్లు సినిమా వచ్చాక చేతులు కాల్చుకోవడం అక్కడ మామూలు. న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది గ్యారేజీలో అట్లాంటి డబ్బాలు నాలుగున్నాయి.

దాచడం గురించి ఒక నష్టం చెప్తా, ఇది మన ఎండలది. 2012 ఎండాకాలం. పుస్తకాల బీరువా ఉన్న గదిలోనే కూలర్ పెట్టాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, కరెంటు ఉన్నంతసేపూ ఆ తడి గాలి సరాసరి బీరువాకే. దసరాకు తీసి చూస్తే ఇంద్రజాల్ పిన్నులన్నీ తుప్పు పట్టి, ప్రతి పిన్ను చుట్టూ గోధుమ రంగు మచ్చ. కొన్నిటికి నడిమి కాగితం పిన్ను దగ్గర ఊడి చేతిలోకి వచ్చింది. వాన రాకుండా, చెద పట్టకుండా అన్నీ చూసుకున్నాను, డబ్బులు పెట్టి తెచ్చిన చల్లగాలి మాత్రం తట్టలేదు. అప్పటి నుంచి మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవర్లు, వెనక ఆమ్లం లేని అట్ట, లోపలి గోడకు ఆనించిన బీరువా, సిలికా జెల్ సంచులు. అటక మీద పెట్టకండి, మన స్లాబు వేడికి ఆ చౌక కాగితం పెళుసుబారి అప్పడంలా విరుగుతుంది.

మోసం కూడా ఒకసారి జరిగింది. ఫోటోలు చూసి ఆన్‌లైన్లో తొమ్మిది వేలు పంపాను. వచ్చిన పుస్తకం లోపల అసలుదే, అట్ట మాత్రం కలర్ జిరాక్స్. పాత కాగితం వెలుతురుకు పెడితే మసకగా, కొంచెం పసుపుగా ఉంటుంది. ఇది తెల్లగా మెరిసింది. అమ్మినవాడి ఫోను తర్వాత ఎప్పుడూ కలవలేదు. అందుకని పిన్నుల ఫోటో, నడిమి పేజీ ఫోటో, అంచుల ఫోటో అడగండి. ఇవ్వడానికి గునిసేవాడి దగ్గర కొనకండి.

మీ మూడు లక్షల్లో నేనైతే పాతిక వేలు మించి పెట్టను, అది కూడా ఏడాది తర్వాత. ఈ ఏడాది ఆదివారాలు పొద్దున్నే మహబూబ్‌నగర్‌లో రైలెక్కండి. కాచిగూడలో దిగితే కోఠి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు దగ్గరే. వంద పుస్తకాలు చేత్తో పట్టుకొని చూడండి. పేజీలు లెక్కపెట్టండి, పిన్నులు చూడండి, రెండు మూడు వందలు పెట్టి ఒకటి రెండు కొని, నెల తర్వాత వాటినే అమ్మడానికి ప్రయత్నించండి. ఎంత వచ్చిందో రాసుకోండి. నా నోట్‌బుక్‌లో లేని గడి అదే. మిగతా డబ్బు మీకు తెలిసిన చోట, అడిగిన రోజు చేతికి వచ్చేలా ఉంచుకోండి.

నల్గొండ వైపు వస్తే చెప్పండి. బైండింగ్ చేసిన 1968ది, ఈమధ్యే అట్టలతో సహా దొరికిన అదే ఏడాది విడి సంచిక ఒకటి పక్కపక్కన పెట్టి చూపిస్తా. అంచులు ఎంత పోయాయో కళ్లతో చూస్తే మళ్లీ మర్చిపోరు. ఎండాకాలంలో మాత్రం రాకండి, ఆ గదిలో కూలర్ పెట్టను.