పొద్దుగూకగానే "మా ఇంటికి పోతా" అంటున్న అత్తయ్యగారి గురించి

76 ఏళ్ల మీ అత్తయ్యగారు నాలుగు రోజులుగా పొద్దుగూకేసరికి చీరలు మూటగట్టుకుని "మా ఇంటికి పోతా" అంటున్నారని, మీ ఆడపడుచు చాదస్తమని కొట్టిపారేస్తోందని, రాత్రంతా మీరొక్కరే మేలుకుంటున్నారని రాశారు.

నాలుగు రోజులే అన్న మాట దగ్గర ఆగాను. మతిమరుపు జబ్బు సాధారణంగా నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకపడితే ముందు ఒంట్లో కారణం వెతకాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావొచ్చు. ఈ వయసులో జ్వరం, మంట లేకుండానే ఉండొచ్చు. బీపీకి నీరు తీసే మాత్ర వాడుతుంటే రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోయి ఉండొచ్చు. జలుబుకో నిద్రకో షాపులో కొత్త మాత్ర తెచ్చి వేశారా? ఈరోజే డాక్టరుకు చూపించండి. వాడే మాత్రలన్నీ సంచిలో వేసి పట్టుకెళ్లండి. మాట తడబడినా, మూతి వంకరపోయినా, పిలిస్తే సరిగా పలకకపోయినా నేరుగా 108కి ఫోన్ చేయండి.

ఈలోగా చీకటి పడకముందే లైట్లన్నీ వేసేయండి, కళ్లజోడు పెట్టండి. "ఇదే మీ ఇల్లు" అని వాదిస్తే పంతం పెరుగుతుంది. "పోదాం అత్తయ్యా, కాఫీ తాగి బయల్దేరదాం. మీ పెరట్లో ఏం చెట్లుండేవి?" అని మాట కలపండి. మూట విప్పించక్కర్లేదు.

మీరొక్కరే రాత్రంతా మేలుకోవడం మాత్రం నాకు నచ్చలేదు. ఆడపడుచుకు ఒకటి రెండు రాత్రులు అప్పగించండి, దగ్గరుండి చూస్తే ఆ చాదస్తం మాట తనే మానేస్తుంది. సలహాకు పెద్దవాళ్ల కోసం పెట్టిన ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 ఉంది, ఉచితం. ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే, 70 దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డుంది: ఏడాదికి 5 లక్షలదాకా ఆస్పత్రి ఖర్చు భరిస్తుంది. ఆధార్‌తో చేయించుకోవచ్చు, ఓపీ ఖర్చులకు మాత్రం పనికిరాదు.