గట్టు గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

డార్ట్‌మూర్ బీళ్లలోని పాత గట్ల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ మొదటి పేజీలోనే 'మిస్టరీ' అని మూడుసార్లు రాశావు. అక్కడున్నది గట్టయ్యా! రాళ్లూ మట్టీ పోసిన గట్టు, ఇప్పుడు చాలాచోట్ల మోకాలెత్తు కూడా ఉండదు. ఇంగ్లండ్ నైరుతి మూల, డార్ట్‌మూర్ ఉన్న డెవన్‌లో దాన్ని 'రీవ్' అంటారు. 19వ శతాబ్దంలో కొందరు వాటిని పాత బాటలనుకున్నారు. 1970లలో ఆండ్రూ ఫ్లెమింగ్ అనే పురావస్తు పరిశోధకుడు ఆ బీళ్లన్నీ తిరిగి, అవి సుమారు 3,500 ఏళ్ల కిందటి, కంచు యుగం నాటి భూముల హద్దులని తేల్చాడు. ఆ తిరుగుడు నీ వ్యాసంలో లేదు.

నేనైతే ఒక్క సంగతి పట్టుకునేవాణ్ణి. డార్ట్ నది లోయ అంచుకొచ్చి ఆ గట్లు ఆగిపోవు. అవతలి ఒడ్డున మళ్లీ అదే దిక్కున, ఒకదాని పక్కన ఒకటి సాగిపోతాయి. మన పొలం గట్లు వాగును బట్టి వంకర తిరుగుతాయి కదా, మరి అవి అంత తిన్నగా ఎలా పోయాయి? ఒక్క ఇంటివాళ్లు అనుకుంటే అయ్యే పనా? పాఠకుణ్ణి ఈ ప్రశ్న దగ్గర కాసేపు నిలబెట్టు.

కొన్నిచోట్ల తవ్వితే, రాళ్ల కింద గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. అంటే ముందు కర్రల కంచె, ఆ తర్వాతే రాయి. డార్ట్‌మూర్‌లోనే షా మూర్ అనే చోట గట్టు పక్క కందకంలో పశువుల గిట్టల ముద్రలు కూడా మిగిలాయి. దీన్ని నువ్వు చివర్లో అర వాక్యంలో తేల్చేశావు! వ్యాసం అక్కడే మొదలుపెట్టు.

ఇంగ్లండ్‌లో కొన్ని పాత కట్టలకూ కందకాలకూ ఉన్న 'గ్రిమ్స్ డిచ్' పేరు సంగతి బాగుంది. గ్రిమ్ అంటే పాత ఆంగ్లో-శాక్సన్ల దేవుడు వోడెన్ మారుపేరు. ఎవరు తవ్వారో తెలియక దేవుడి మీదకు నెట్టారు, మన దగ్గర పాత రాతి సమాధులను రాక్షసి గుళ్లన్నట్టే. ఆ పోలిక ఉంచు. ఆఫా రాజు పేరున్న మట్టికట్ట, ఆఫా కట్ట, మాత్రం తీసెయ్. అది 8వ శతాబ్దానిది, ఈ గట్ల కంటే చాలా తర్వాతిది.

మా నాన్నా, పక్క పొలం ఆయనా ఏటా చెరో అరసాలు గట్టులోకి దున్నేవారు. నా చిన్నప్పుడు ఇద్దరం పక్కపక్కన నడిచిన గట్టు మీద నా పెళ్లినాటికి పాదం పట్టేది కాదు. డార్ట్‌మూర్ గట్లు మిగలడానికి, ఆ ఎత్తు బీళ్లలో తర్వాత నాగలి పెద్దగా తిరగకపోవడం ఒక కారణం. అదీ చెప్పాలి.

దసరాలోపు రెండో డ్రాఫ్ట్ పంపు. మ్యాపు ఒకటి పెట్టు, చేత్తో గీసిందైనా ఫర్వాలేదు.