పిట్ట సరే, ఇంటి అడ్రస్ ఎందుకు చెబుతున్నారు?

ప్రశ్న: పెరట్లో పక్షులకు గింజలు పెట్టే చోట వైఫై కెమెరా బిగించాను. మొన్న అప్‌డేట్ వచ్చాక పక్షి పేరు చెప్పాలంటే నెలనెలా డబ్బు కట్టమంటోంది. చెప్పే పేర్లు కూడా తప్పులే. ఫోన్‌తో తీస్తే అన్నీ మసక. ఏం చేయాలి?

కట్టకండి. ఇదే ఫిర్యాదు ఎంతమంది నుంచి వస్తోందో చెప్పలేను. కొన్నప్పుడు ఉన్న సౌకర్యాన్ని అప్‌డేట్ పేరుతో లాగేసుకుని దాన్నే మళ్లీ చందాకు అమ్మడం చూస్తే ఒళ్లు మండుతుంది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షి పరిశోధకుల మెర్లిన్ యాప్ ఉచితం. మీ ప్రాంతం పక్షుల ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది, కూత విని కూడా పేరు చెబుతుంది. కెమెరా తీసిన ఫోటోనే అందులో పెట్టి చూడండి. అయితే అదీ అంచనాయే. మగ పిచ్చుకకు గొంతు కింద నల్లటి మచ్చ ఉంటుంది, ఆడదానికి ఉండదు, ఒళ్లంతా మట్టిరంగే. అలాంటి పిట్టను వెనక నుంచి ఒక్క ఫోటో తీసి పేరు చెప్పమంటే ఏ యాపైనా తడబడుతుంది. ముక్కు, కంటి దగ్గరి గీత, రెక్క మీది పట్టీ కనిపించేలా పక్క నుంచి తీయండి.

ఇక మసక సంగతి. వేళ్లతో లాగి మరీ జూమ్ చేయొద్దు. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ ఉంటే అందులో షటర్ స్పీడు 1/1000 సెకను పెట్టండి. కిటికీలోంచి తీస్తుంటే లెన్స్‌ను అద్దానికి ఆనించండి. అంతే.

నా టెన్షన్ వేరే. ఆ కెమెరా పిట్టనే చూస్తోందా? చాలామంది పంపిన ఫోటోల్లో పిట్ట వెనక పెరటి తలుపు, దాని గొళ్లెంతో సహా కనిపిస్తోంది. పాస్‌వర్డేమో డబ్బాతో వచ్చిందే! ఇంట్లో ఎవరు ఎప్పుడు బయటికి వెళ్తున్నారో ఊరూపేరూ తెలియని సర్వర్‌కి చేరుతోందని ఒక్కరికీ పట్టదు. ముందు పాస్‌వర్డ్ మార్చండి, రెండంచెల లాగిన్ ఉంటే ఆన్ చేయండి, కెమెరాను రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కి, అంటే ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లతో కలవని విడి వైఫైకి మార్చండి, కెమెరా మొహం తలుపు నుంచి గోడవైపు తిప్పండి. యాప్ కాంటాక్ట్స్ అడిగితే ఇవ్వకండి, పిచ్చుకకు ఫోన్ చేసేదేం లేదు కదా.

ఫోన్ ఫోటోలూ తక్కువేం కాదు. కెమెరా సెటింగ్స్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే మీ పెరటి అక్షాంశ రేఖాంశాలు ఫోటో ఫైల్లోనే దాక్కుంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అవి పోతాయి. క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపారో, ఫైలుతో పాటే వెళ్తాయి. చూసిన పక్షులు, మొక్కల ఫోటోలు అందరితో పంచుకునే ఐనాచురలిస్ట్ సైట్‌లో పెట్టేవాళ్లు లొకేషన్‌ను ‘అబ్‌స్క్యూర్డ్’ (మరుగుపరచినది) అని మార్చుకోండి. అప్పుడు మీ ఇంటి బదులు 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పడుతుంది, అంటే ఇల్లు పట్టుకోవాలంటే కిలోమీటర్ల కొద్దీ వెతుక్కోవాలి. ఈ ఆప్షన్‌ను మొదటి రోజే కళ్లముందు పెట్టి అడగకుండా మెనూల అడుగున దాచే యాప్‌లను ఏమనాలో నాకు తెలియదు.

ఇప్పుడు కొత్తగా కొనబోయేవాళ్లు ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో అడగండి. జవాబు నసిగితే వదిలేయండి. మెమరీ కార్డు వేసుకుని, నెట్‌తో పనిలేకుండా, కదలిక కనబడితే ఫోటో తీసే ట్రెయిల్ కెమెరా చాలు మీ పిట్టలకు.